నోటుపై నక్షత్రము

నోటు చేతికి వచ్చినపుడు మనము మొట్టమొదట చూచునది దాని విలువ. పదియా, ఏబదియా, నూరా యని తెలిసికొని జేబులో వేసికొందుము. కొంచెము తీరిక యున్నచో మహాత్మా గాంధీ చిత్రమును చూతుము. నోటు వెనుకవైపున గల భాషల పట్టికలో మన తెలుగు అక్షరములను వెదకి చదువుకొందుము. కాని, అదే నోటు ముఖమున రెండు తావుల ముద్రింపబడిన వరుస సంఖ్యను శ్రద్ధగా చదువువారు మిక్కిలి అరుదు. ఎల్లరి చేతులలోను తిరుగుచు, ఎవ్వరి కంటను పడక పోవుట ఆ సంఖ్యకు అలవాటై పోయినది.

ఆ సంఖ్య అలంకారము కొరకు వేసినది కాదు. అది నోటునకు జాతకము వంటిది. దానిని చదువ నేర్చినవానికి నోటు తన పుట్టుకను గూర్చి కొంత చెప్పును. సంఖ్యలో అప్పుడప్పుడు కానవచ్చు చిన్న నక్షత్రపు గుర్తు ఒకటి కలదు. అది యేమి? ఎందుకు వచ్చినది? దానిని జూచి సంతోషింపవలెనా, సంశయింపవలెనా? ఈ ప్రశ్నలకు సమాధానము తెలియక చిక్కుపడిన పెద్దలు సయితము కలరు. కావున ఆ సంగతిని మనము క్రమముగా తెలిసికొందము.

మన దేశపు నోట్లపై నుండు సంఖ్య రెండు భాగములు గలది. మొదటి భాగమున అంకెయు, ఇంగ్లీషు అక్షరములును కలిసి యుండును. రెండవ భాగము కేవలము అంకెలు. ఉదాహరణమునకు ఒక నోటుపై ‘4 బి కె 318205’ అని యున్నదనుకొందము. ఇందు ‘4 బి కె’ అనునది పూర్వభాగము. ‘318205’ అనునది వరుస సంఖ్య. 2015వ సంవత్సరము నుండి వచ్చిన క్రొత్త పద్ధతి నోట్లలో ఈ అంకెలు ఎడమనుండి కుడికి పోవుకొలది పెద్దవగుచుండును. నకిలీ నోట్లు చేయువారికి అనుకరణము కష్టమగుటకై చేసిన యేర్పాటిది.

సంఖ్య లేకున్న నేమి? కాగితము మంచిదై, చిత్రము చక్కనిదైన చాలదా యని మీరడుగవచ్చును. చాలదు. ముద్రణాలయమునుండి నోట్లు నూరేసి చొప్పున కట్టలుగా వెలువడును. ఒక కట్ట 318201తో మొదలైనచో 318300తో ముగియవలెను. మొదటి నోటును, చివరి నోటును చూచినంతనే లెక్క సరిపోవలసిన తీరు తెలియును. నడుమ ఒక్క నోటు లోపించినను, ఏ సంఖ్య గల నోటు పోయినదో వెదకి పట్టుకొనవచ్చును. ధనమును ముద్రించుచోట ఒక్క కాగితమునకైనను జవాబు చెప్పవలసి యుండును గదా! ఆ విధముగా వరుస సంఖ్య కనబడని కాపలావాడై ఖజానాను కాచుచున్నది.

మన నోట్లు నాలుగు చోట్ల ముద్రింపబడుచున్నవి. మహారాష్ట్రమునందలి నాసిక్, మధ్యప్రదేశమునందలి దేవాస్, కర్ణాటకమునందలి మైసూరు, పశ్చిమ వంగమునందలి సాల్బనీ అనునవి ఆ స్థలములు. ఒక్కొక్క నోటును విడివిడిగా ముద్రింపరు. పెద్ద కాగితముపై అనేకములగు నోట్లను ఒక్కమారు ముద్రించి, సంఖ్యలు వేసి, పిమ్మట కత్తిరింతురు. ఎంత గొప్ప యంత్రమైనను ఎల్లప్పుడు దోషములేక పనిచేయజాలదు. ఒకచోట సిరా చెదరును. ఒకచోట కాగితము మడతపడి చిత్రము వంకరగా దిగును. ఒకచోట అంకె సగమే పడును. పరీక్షకులు అట్టి నోట్లను ఏరి వేరు చేయుదురు. లోపము గల నోటును ప్రజల చేతికీయక నాశనము చేయుదురు.

అసలు చిక్కు ఇచ్చటనే మొదలగుచున్నది. మన ఉదాహరణములోని కట్టలో 318247 అను నోటు చెడిపోయినదనుకొందము. దానిని తీసివేయగా తొంబదితొమ్మిది నోట్లు మిగులును. వరుసలో ఒక గండి పడినది. దానిని పూడ్చు టెట్లు? తొంబదితొమ్మిది నోట్లనే కట్టగట్టి పంపినచో బ్యాంకులలో లెక్కలు తారుమారగును. నూరు నోట్ల కట్ట యన్న నమ్మకము పోవును. ఇక మిగిలినవి రెండే మార్గములు. చెడిన నోటు సంఖ్యనే మరియొక కాగితముపై తిరిగి ముద్రించి దాని స్థానమున నుంచుట ఒకటి. వేరొక వరుసకు చెందిన మంచి నోటును ఆ స్థానమున నుంచి, అది బదులుగా వచ్చినదని తెలియునట్లు గుర్తు పెట్టుట రెండవది.

మన రిజర్వు బ్యాంకు చాలకాలము మొదటి మార్గమునే అనుసరించినది. చెడిన నోటునకు బదులుగా అదే సంఖ్య గల మంచి నోటును సిద్ధపరచి కట్టలో చేర్చెడివారు. వరుస తప్పెడిది కాదు. కాని శ్రమ మెండు. ఒక్కొక్క చెడిన నోటు కొరకు ఒక్కొక్క సంఖ్యను ప్రత్యేకముగా కూర్చి వేయవలెను గదా! కోట్లకొలది నోట్లు ముద్రింపవలసిన కాలమున ఈ పని ఎంత ఆలస్యమునకు, వ్యయమునకు కారణమగునో ఊహింపవచ్చును. ఆ కాలపు బదులు నోటును నేడు మన మెట్లును గుర్తింపజాలము. దాని సంఖ్య అసలు నోటు సంఖ్యయే. దాని రూపము అసలు నోటు రూపమే.

2006వ సంవత్సరమున రిజర్వు బ్యాంకు ఈ పద్ధతిని మార్చి, రెండవ మార్గమును చేపట్టినది. మొదట 10, 20, 50 రూపాయల నోట్లలో నక్షత్రపు వరుసను ప్రవేశపెట్టినది. తరువాత 100 రూపాయల నోట్లకును అది వచ్చినది. 2016 డిసెంబరులో మొట్టమొదటిసారిగా 500 రూపాయల నోట్లలోను నక్షత్రము కానవచ్చినది. నక్షత్రము గల నోటు అన్ని విధముల తక్కిన నోట్ల వంటిదే. కాగితము, చిత్రము, సంతకము, విలువ అన్నియు సమానమే. సంఖ్యలో పూర్వభాగమునకును, అంకెలకును నడుమ గల ఖాళీలో నక్షత్రపు గుర్తు ఒకటి చేరుటయే భేదము.

ఇట్టి నోట్లు చేరిన కట్టలో సంఖ్యలు వరుసగా నుండవు. అయినను కట్టలో నూరు నోట్లును ఉండును. తీసికొనువారు కలవరపడకుండుటకై, లోపల నక్షత్రపు నోట్లు కలవని కట్టకు చుట్టిన కాగితపు పట్టీపైననే తెలుపుదురు.

బదులు నోటును గుర్తింపగోరు విద్యార్థి ఈ క్రమమును పాటింపవలెను. మొదట నోటును వెలుతురునందు సమముగా పట్టుకొని, సంఖ్య వేసిన రెండు తావులను చూడవలెను. పూర్వభాగము ఎచ్చట ముగిసినదో, అంకెలు ఎచ్చట మొదలైనవో కనుగొనవలెను. ఆ రెంటి నడుమ నక్షత్రము కలదా యని పరికింపవలెను. ఒకచోట కలిగి మరియొకచోట లేకున్నచో, అది సిరా మరకయో, ఎవ్వరో కలముతో గీసిన గీతయో కావచ్చును. రెండు తావులందును సంఖ్యతో పాటు అదే రంగున, అదే ముద్రణమున నక్షత్రము స్పష్టముగా నున్నపుడే దానిని బదులు నోటని నిశ్చయింపవలెను. పిదప నీటిగుర్తు, భద్రతా దారము మున్నగు తక్కిన లక్షణములను గూడ చూడవలెను. నక్షత్ర మున్నంతమాత్రమున నోటు నకిలీ కానట్లే, నక్షత్ర మున్నంతమాత్రమున అది సాచ్చా నోటని నిర్ణయింపరాదు.

ఇచ్చట ఒక సూక్ష్మమును గమనింపవలెను. మన ఉదాహరణములో 318247 అను నోటు పోయి, దాని స్థానమున నక్షత్రముతో 070519 అను నోటు వచ్చినదనుకొందము. ఈ 070519 అను సంఖ్యకును, పోయిన సంఖ్యకును ఏ సంబంధమును లేదు. నక్షత్రపు నోట్లకు వానివే వరుసలు వేరుగా నుండును. ముందుగా ముద్రించి యుంచుకొన్న ఆ నోట్లను అవసరమైనచోట నెల్ల చేర్చుదురు. సెలవుపై వెళ్లిన ఉపాధ్యాయుని తరగతికి మరియొక ఉపాధ్యాయుడు వచ్చి పాఠము చెప్పినచో, వచ్చినవాడు తన పేరును మార్చుకొనునా? ఇదియు నట్టిదే. కావున నక్షత్రపు నోటును చూచి, అది ఏ నోటునకు బదులుగా వచ్చినదో ఎవ్వరును చెప్పజాలరు.

ఈ పద్ధతి మన దేశమున క్రొత్తదైనను, లోకమున పాతదే. అమెరికా సంయుక్త రాష్ట్రములలో 1910వ సంవత్సరము నుండి నక్షత్రపు నోట్లు వాడుకలో నున్నవి. అచ్చటి నోటుపై ఎనిమిది అంకెలకు ముందు అక్షరము, వెనుక అక్షరము ఉండును. నేటి ఫెడరల్ రిజర్వు నోట్లలో బదులు నోటునకు చివరి అక్షరమునకు మారుగా నక్షత్రము వేయుదురు. పూర్వము చెల్లిన వెండి పత్రములపైనను, యునైటెడ్ స్టేట్స్ నోట్లపైనను నక్షత్రము అంకెలకు ముందుండెడిది. ఒక డాలరు నోటుపై ముందుండు అక్షరము, ఆ నోటు ఏ ఫెడరల్ రిజర్వు బ్యాంకు పేర వెలువడినదో తెలుపును. ‘ఎ’ అన్నచో బోస్టన్, ‘బి’ అన్నచో న్యూయార్కు. ఈ రీతిని పండ్రెండు బ్యాంకులకు పండ్రెండు అక్షరములు. చివరిదగు ‘ఎల్’ శాన్‌ఫ్రాన్సిస్కోకు చెందినది.

అమెరికా సేకర్తలు నక్షత్రమును చూచి ఊరకుండరు. ఆ సంఖ్య ఏ వరుసలోనిదో, ఆ వరుసలో ఎన్ని నోట్లు ముద్రింపబడెనో ముద్రణాలయపు పట్టికలను బట్టి విచారింతురు. ముప్పదిరెండేసి నోట్లుగా ముద్రించు కాగితములు లక్ష ముద్రించినచో నోట్లు 32 లక్షలగును. ఇరువదివేల కాగితములే ముద్రించినచో 6 లక్షల 40 వేలు మాత్రమే యగును. రెండును నక్షత్రపు నోట్లే. కాని రెండవది కొంత అరుదు. నక్షత్రము వలననే నోటు అమూల్యమగునని తలంచుట పొరపాటనుటకు ఈ లెక్కయే సాక్ష్యము.

ఒక విచిత్రమగు సంగతిని గూడ చెప్పవలసి యున్నది. అమెరికా నోట్లు వాషింగ్టనునందును, టెక్సాస్‌లోని ఫోర్ట్‌వర్తు నగరమునందును ముద్రింపబడును. 2013వ శ్రేణికి చెందిన ఒక డాలరు నక్షత్రపు నోట్లలో, న్యూయార్కు బ్యాంకునకు చెందిన కొన్ని వరుసలను రెండు ముద్రణాలయములును ముద్రించినవి. ఇందువలన ఒకే సంఖ్యతో రెండేసి నోట్లు పుట్టినవి. అట్టి జతలు అరువది లక్షలకు పైబడి కలవు. ఒక్కొక్క సంఖ్యకు ఒక్కటే నోటుండవలెనను నియమము అచ్చట తప్పినది. ఫోర్ట్‌వర్తు నోటు ముఖమున ‘ఎఫ్ డబ్ల్యు’ అను రెండు చిన్న అక్షరములుండును. వాషింగ్టను నోటుపై నవి యుండవు. ఆ రెండక్షరములను బట్టియే కవలలలో ఏది యెవరో తెలియును. విడిపోయిన కవలలను కలుపుట సేకర్తలకు గొప్ప వినోదమైనది. తప్పులను సవరించుటకై పుట్టిన నోట్లలోనే ఇంత తప్పు జరుగుట విధి వినోదము గాక మరేమి?

అన్ని దేశములును నక్షత్రమునే వాడవు. ఆస్ట్రేలియాలో 1948 మొదలు 1972 వరకు బదులు నోట్లపై చివరి అంకె స్థానమున నక్షత్రము వేసెడివారు. కెనడాలో 1954వ శ్రేణి నోట్లపై అక్షరములకు ముందు నక్షత్రముండెడిది. కాలక్రమమున నక్షత్రమును మాని, మూడవ అక్షరముగా ‘ఎక్స్’ను వేసినారు. జింబాబ్వే దేశమున ధరలు ఆకాశము నంటినపుడు, 2008వ సంవత్సరపు పేర నూరు ట్రిలియను డాలర్ల నోటును వెలువరించిరి. ఒకటి వేసి పదునాలుగు సున్నలు చుట్టిన మొత్తమది! ఆ నోట్లపై సామాన్యముగా ‘ఎ ఎ’ అను అక్షరములుండును. బదులు నోట్లపై ‘జడ్ ఎ’ అని యుండును. చూపరికి అవి వట్టి అక్షరములు. ఎరిగినవానికి అదియే గుర్తు.

దీనినిబట్టి మనము గ్రహింపవలసిన దేమి? ఒక దేశపు సంప్రదాయమును మరియొక దేశమునకు అంటగట్టరాదు. నోటు ఏ దేశమునది, ఏ శ్రేణికి చెందినది, ఆ కాలమున బదులు నోటును గుర్తించు పద్ధతి యేది యని ముందుగా తెలిసికొని, పిమ్మట సంఖ్యను చదువవలెను. 2006వ సంవత్సరమునకు ముందటి మన నోటుపై నక్షత్రమును వెదకుట వ్యర్థము. కెనడా నోటుపై ‘ఎక్స్’ను చూచిన కంటితో మన నోటుపై ‘ఎక్స్’ను చూచి బదులు నోటని భ్రమపడుట అంతకంటె వ్యర్థము.

బదులు నోటు వేరు, లోపము గల నోటు వేరు. కొందరు ఈ రెంటిని ఒకటిగా తలంతురు. సిరా చెదరియు, కత్తిరింపు వంకరపోయియు పరీక్షకుని కన్నుగప్పి బయటపడినది లోపము గల నోటు. అట్టిదానిని తొలగించి దాని స్థానమున నిలిపిన నిర్దోషమగు నోటు బదులు నోటు. అది దోషి, ఇది దోషమును దిద్దవచ్చినది. సేకర్తలు రెంటిని గూడ దాచుకొందురు. కాని రెంటిని రెండు వరుసలలో నుంతురు.

సేకరణమునకు పూనుకొన్నవారు నోటు స్థితిని కాపాడవలెను. మడతలు పడని నోటు మేలైనది. మురికి పోవుటకై కడుగుట, ముడుతలు పోవుటకై ఇస్త్రీ చేయుట నోటును పాడుచేయు పనులు. నోటుపై వ్రాయరాదు, సూదులు గ్రుచ్చరాదు, అతుకు కాగితములు అంటింపరాదు. సామాన్యమగు పి.వి.సి. సంచులు కాలక్రమమున కాగితమును చెరచును గనుక, అట్టివానిలో ఏండ్ల తరబడి దాచరాదు. ప్రతి నోటు ప్రక్కను అది ఏనాడు, ఎచ్చట లభించినదో వేరొక చీటిపై వ్రాసి యుంచుకొనుట మంచి యలవాటు. చీటి లేని సేకరణము పేర్లు లేని తరగతి వంటిది.

ఇక ముఖ్యమగు సంగతి. 2023వ సంవత్సరమున, నక్షత్రము గల నోట్లు దొంగనోట్లని దేశమంతట ఒక వదంతి వ్యాపించినది. సెల్లు ఫోనులలో ఒకరినుండి యొకరికి ఆ మాట క్షణములలో ప్రాకినది. ఉదయమునుండి ఎండలో నిలిచి కూరగాయలమ్మిన ఒక ముదుసలిని తలంచుకొనుడు. ఆమె గల్లాపెట్టెలో నున్నది ఒక్క 500 రూపాయల నోటు; దానిపై నక్షత్రము కలదు. సాయంకాలము బియ్యము కొనబోగా అంగడివాడు “ఇది చెల్లదమ్మా, వేరే ఇయ్యి” అనినచో ఆమె గతి యేమి? నోటులో దోషము లేదు. ఆమెలో దోషము లేదు. దోషమంతయు విచారింపక నమ్మిన ఆ మాటలో నున్నది. తెలియనివాని ఒక్క పలుకు పేదరాలి రోజుకూలిని కాగితపు ముక్కగా మార్చివేయగలదు.

ఆ యేడు జూలై నెలలో రిజర్వు బ్యాంకు ఈ వదంతిని ఖండించుచు ప్రకటన చేసినది. నక్షత్రము గల నోటు తక్కిన చెల్లుబాటగు నోట్ల వంటిదే యనియు, చెడిన నోటునకు బదులుగా వచ్చినదని తెలుపుటకే ఆ గుర్తు చేర్చబడినదనియు అందు స్పష్టపరచినది. ఈ పాఠమును చదివిన మీరు, అట్టి అంగడియొద్ద నిలిచి యుండుట సంభవించినచో మౌనము వహింపరాదు. “అయ్యా, అది మంచి నోటే” యని కారణముతో సహా వివరింపవలెను. నేర్చిన విద్యకు అంతకంటె ప్రయోజనము మరియొకటి కలదా?

భయమునకు తోడు ఆశయు మనుజుని మోసగించును. నక్షత్రపు నోటునకు లక్షలిత్తుమని ఆశపెట్టి, ముందుగా కొంత రుసుము చెల్లింపుమని అడుగు మోసగాండ్రును కలరు. పాత నోట్ల, నాణెముల క్రయవిక్రయముల పేర కొందరు తన నామమును, చిహ్నమును వాడుకొని ప్రజలనుండి రుసుములు, పన్నులు వసూలు చేయుచున్నారని 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు హెచ్చరించినది. తాను అట్టి వ్యవహారములలో పాల్గొననని తెలిపినది. బ్యాంకున నక్షత్రము గల 20 రూపాయల నోటు విలువ 20 రూపాయలే. సేకర్త ఎవ్వడైన నొక రూపాయి ఎక్కువ ఇచ్చినచో అది అతని అభిరుచికి వెల, నోటునకు కాదు.

విద్యార్థులారా! ఈ చిన్న గుర్తులో ఒక పెద్ద నీతి యున్నది. ముద్రణాలయమున పొరపాటు జరిగినది. దానిని దాచలేదు, చెడినదానిని ప్రజల కంటగట్టలేదు. మంచిదానిని దాని స్థానమున నుంచి, “ఇచ్చట సవరణ జరిగినది” అని నక్షత్రముతో బహిరంగముగా తెలిపినారు. లెక్కలలో తప్పు వ్రాసినపుడు దానిని అస్పష్టముగా చెరిపి పైన వ్రాయువాడు సందేహమునకు పాత్రుడగును. తప్పును ఒక గీతతో కొట్టివేసి, ప్రక్కను సరియైనది వ్రాసి, సంతకము చేయువాడు విశ్వాసమునకు పాత్రుడగును. నోటుపై నక్షత్రము అట్టి సంతకమే. దానిని చూచినపుడు భయపడవలదు, ఆశపడవలదు. చదివి, అర్థము తెలిసికొని, తెలియనివారికి తెలుపుడు.

ప్రశ్నలు

1. నోట్లపై వరుస సంఖ్యలు వేయుటవలన ప్రయోజనమేమి?

2. 2006వ సంవత్సరమునకు ముందు మన దేశమున చెడిన నోటునకు బదులుగా ఎట్టి నోటును చేర్చెడివారు? ఆ పద్ధతిలో గల కష్టమేమి?

3. నక్షత్రపు నోటును చూచి అది ఏ నోటునకు బదులుగా వచ్చినదో చెప్పజాలము. ఎందువలన?

4. అమెరికా, ఆస్ట్రేలియా, కెనడా దేశములలో బదులు నోట్లను గుర్తించు పద్ధతులను పోల్చి వ్రాయుడు.

5. లోపము గల నోటునకును, బదులు నోటునకును భేదమేమి?

6. అంగడివాడు నక్షత్రపు నోటును నిరాకరించినచో మీరతనికి ఎట్లు నచ్చజెప్పుదురు? సంభాషణ రూపమున వ్రాయుడు.